కాలు, వీసం, కాని: పెనుకొండ - హిందూపురం ప్రాంతపు వీధిబడులలో లెక్కింపు బోధన

వీధిబడి లెక్క అంటే వల్లెవేత మాత్రమేనన్న అభిప్రాయం మన విద్యాచరిత్ర రచనలో దాదాపు స్థిరపడిపోయింది. అంకెల పేర్లను వరుసగా అప్పగించడం వేరు, ఎదుట ఉన్న వస్తువులను లెక్కించి ‘ఇన్ని’ అని చెప్పగలగడం వేరు. ఈ భేదాన్ని 1978లో రోషెల్ గెల్మన్, సి.ఆర్. గాలిస్టెల్ బాలల సంఖ్యాజ్ఞానంపై వెలువరించిన గ్రంథంలో స్పష్టంగా సూత్రీకరించారు. సంఖ్యాపదాల వరుస మారకూడదు. ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క పదమే చెందాలి. చివర పలికిన పదం మొత్తం రాశిని తెలపాలి. వారు చెప్పిన సూత్రాలలో ఈ మూడు మన చర్చకు ముఖ్యమైనవి. వీధిబడి పిల్లవాడికి వీటిలో మొదటిది మాత్రమే అబ్బేదని విమర్శకుల భావన. ఆ తీర్పును ఒకసారి పునఃపరిశీలించవలసి ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

ఇందుకు ప్రధానాధారం బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టు 17న సమర్పించిన నివేదిక. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822 జూన్ 25న ఆదేశించిన విద్యా పరిశీలనలో ఇది భాగం. అనంతపురం జిల్లా 1882లో గాని ఏర్పడలేదు. అంతకుముందు పెనుకొండ, ధర్మవరం, హిందూపురం ప్రాంతాలు బళ్లారి జిల్లాలోనివే. క్యాంప్‌బెల్ 1816లో తెలుగు వ్యాకరణం ప్రచురించినవాడు. భాష తెలిసిన సాక్షి కనుక అతని వర్ణనకు విలువ ఎక్కువ. అతని లెక్క ప్రకారం జిల్లాలో 533 విద్యాస్థానాలు, 6,641 మంది విద్యార్థులు. వాటిలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. రెండు భాషలూ ఒకే వీధిలో వినిపించే హిందూపురం సీమకు ఈ నిష్పత్తి నేటికీ వింతగా తోచదు.

పిల్లవాడు మొదట ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవాడు. తర్వాత పలక, లేదా కడితం. బొగ్గుపొడి పూసిన పలకను నివేదిక కన్నడ పేరుతోనే పేర్కొన్నది; హలగె, పలక ఒకే మాటకు రెండు రూపాలు. బట్టను గంజితో బిరుసెక్కించి, పుస్తకంలా మడిచి, బొగ్గు, జిగురు పూసినది కడితం. రాయడానికి బలపం, తుడవడానికి తడిగుడ్డ. అక్షరాలు, గుణింతాలు, మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు వచ్చిన తరువాతనే అంకెలు. పిదప కూడిక ఎక్కం, ఒకటి నుంచి నూరు వరకు లెక్క, డబ్బుతో చిన్న కూడికలు, తీసివేతలు. రోజుకు రెండుసార్లు పిల్లలందరూ వరుసగా నిలబడి, ముందు చదువుకున్న ఒక పెద్ద పిల్లవాడు చెప్పగా ఎక్కాలు అప్పగించేవారు. పెద్దవాడు చిన్నవానికి నేర్పే ఈ పద్ధతిని ఆండ్రూ బెల్ మద్రాసులో అనాథ బాలుర ఆశ్రమ పాఠశాలలో ప్రయోగించి 1797లో లండన్‌లో నివేదిక ప్రచురించాడు. ఇంగ్లండు దీనిని అనుకరించడం సముచితమేనని క్యాంప్‌బెల్ ఒప్పుకున్నాడు.

ఇంతవరకు చూస్తే విమర్శకుల మాటే నిజమనిపిస్తుంది. కాని అదే నివేదికలో బడికి వచ్చే క్రమాన్ని గురించిన వివరణ ఒకటి ఉంది. అందరికంటే ముందు వచ్చినవాని అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండవవానికి సున్న చుడతారు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు, ఆపైన వచ్చిన ప్రతివానికీ ఒక్కొక్కటి ఎక్కువ. క్రూరమైన ఆచారమే, సందేహం లేదు. అయినా అరచేతిపై పడే ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్క అంకె జతపడటం, చివరి అంకె తన వంతును తెలపడం ఇక్కడ స్పష్టం. సున్న అంటే పొగడ్తా కాదు, నిందా కాదు అని ఆ బడి చెప్పిన అర్థం ఏ ఎక్కాల పుస్తకంలోనూ దొరకదు.

అంతకంటె బలమైన ఆధారం భిన్నాలలో ఉంది. పూర్ణసంఖ్య భాగాలను పదులుగా కాక నాలుగులుగా విభజిస్తూ చాలా దూరం తీసుకుపోతారనీ, ఈ బడులలో అత్యంత శ్రద్ధ దీనిపైనే కనబరుస్తారనీ క్యాంప్‌బెల్ గుర్తించాడు. ఒకటిలో నాల్గవ వంతు కాలు, కాలులో నాల్గవ వంతు వీసం, వీసంలో నాల్గవ వంతు కాని. తెలుగు లిపిలో వీటి గుర్తులు చూడండి. కాలుకు ఒక నిలువు గీత, అరకు రెండు, ముప్పాతికకు మూడు. వీసాలకు అవే గీతలు అడ్డంగా. కాని దగ్గర మళ్లీ నిలువు. ౧, ౨, ౩ అనే అంకెల రూపంలో రాశి కనిపించదు. వాటిని కంఠస్థం చేయవలసిందే. భిన్నాల గుర్తులలో మాత్రం రాశి కంటికి కనిపిస్తుంది. మూడు అనడానికి మూడు గీతలు గీయాలి. నిలువు వరుసలో ఏమీ లేనప్పుడు వేసే గుర్తు హళ్లి. ‘హళ్లికి హళ్లి, సున్నకు సున్న’ అనే సామెతలోని మొదటి సగం ఈ లెక్కల నుంచి వచ్చినదే.

ఈ గీతలు పలక మీద ఆగిపోయేవి కావు. పరిమాణం ప్రాంతాన్ని బట్టి మారినా, నాలుగు సోలలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము అన్నది తెలుగు కొలత. రూపాయిలోనూ పావలా, అణా, కానీ ఇదే మెట్లపై దిగుతాయి. ధాన్యం కొలిచే చోట మొదటి కొలతను ఒకటి అనక ‘లాభం’ అనడం, ఏడును ‘ఆరున్నొకటి’ అనడం పిల్లవాడు వింటూ ఎదిగేవాడు. పదం మారినా కొలత మారదు. సంఖ్య అంటే పదం కాదు, రాశి అని చెప్పడానికి ఇంతకు మించిన పాఠం ఏమి కావాలి? వీధిబడి అంకగణితంలో భిన్నాలే వస్తు లెక్కింపుకు స్థానమని నా అభిప్రాయం. పూర్ణసంఖ్యల వల్లెవేతను మాత్రమే చూసినవారు సగం బడినే చూశారు.

అయితే ఈ బడిని ఆదర్శీకరించడం తగదు. జిల్లా జనాభా 9,27,857 కాగా విద్యార్థులు సుమారు 140 మందికి ఒక్కరు. వారిలో బాలికలు 60 మంది మాత్రమే. తక్కిన బాలికలకు చింతగింజలు, అచ్చనగండ్లే లెక్కల సాధనాలు. తల్లిదండ్రులు పిల్లలను బడి మాన్పించడానికి పేదరికమే కారణమని, విదేశీ వస్త్రాల రాకతో నేతవృత్తులవారి ఆదాయం క్షీణించిందని క్యాంప్‌బెల్ స్వయంగా రాశాడు. బడి మానిన నేతబిడ్డకు మగ్గం మీది పోగులే లెక్క.

1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి. రూపాయికి 64 కానులు పోయి 100 నయాపైసలయ్యాయి. కొద్ది ఏళ్లలో తూము, కుంచాల స్థానంలో లీటర్లు, కిలోలు చేరాయి. గీతలకు పని లేకపోయింది. తెలుగు భిన్నాల గుర్తులు ఏడు, వాటితో పాటు తూము గుర్తు, 2008లో యూనికోడ్‌లో చోటు పొందాయి.