మీట నొక్కిన వారిదే మాట : బజర్ క్విజ్ నియమాల చరిత్ర

ప్రశ్న, సమాధానం అనేవి విద్యతో పాటే పుట్టినవి. ఉపనిషత్తులలోని గురుశిష్య సంవాదాలు మొదలు పల్లెటూళ్ళ అరుగుల మీద పెద్దలు విసిరే పొడుపుకథల వరకు అన్నీ ప్రశ్నోత్తరాలే. మహాభారతంలోని యక్షప్రశ్నల ఘట్టం తెలుగువారికి సుపరిచితం. యక్షుని మాట వినక తొందరపడి నీటిని ముట్టిన నలుగురు తమ్ములు నేలకొరిగారు. నిలిచి, ప్రశ్నను పూర్తిగా విని, నిదానంగా బదులు చెప్పిన ధర్మరాజు వారిని బ్రతికించుకొన్నాడు. ప్రశ్న తెలిసినవాడికి గౌరవం దక్కాలా, ముందుగా చేయెత్తినవాడికి దక్కాలా అన్న విచికిత్స ఇరవయ్యో శతాబ్దంలో మరొక రూపంలో తలెత్తింది. బల్ల మీద ఒక మీట, దాని వెనుక ఒక గంట, ఎదుట ప్రశ్న అడిగే పెద్దమనిషి. దీనికే బజర్ క్విజ్ అని పేరు.

ఈ పోటీకి తొలి వేదిక రేడియో. అమెరికాలో 1936లో ‘ప్రొఫెసర్ క్విజ్’ అనే రేడియో కార్యక్రమం ప్రసారమైంది. అనతికాలంలోనే ఆ కోవలో మరికొన్ని వెలువడ్డాయి. అయితే రెండు విద్యాసంస్థల జట్లు ఎదురెదురుగా కూర్చుని, మీట నొక్కి సమాధానం చెప్పే పద్ధతికి స్థిరమైన రూపం ఇచ్చింది ‘కాలేజ్ బౌల్’. డాన్ రీడ్ అనే ఆయన రూపొందించిన ఈ కార్యక్రమం 1953 అక్టోబరులో ఎన్.బి.సి. రేడియోలో మొదలైంది. తొలి పోటీలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం కొలంబియా విశ్వవిద్యాలయాన్ని ఓడించింది. 1959 నుంచి 1970 వరకు అది టెలివిజన్‌లోనూ ప్రసారమైంది. నలుగురేసి సభ్యుల జట్లు, మొదట మీట నొక్కిన వ్యక్తి ఒంటరిగా చెప్పవలసిన పది పాయింట్ల ప్రశ్న, అది నెగ్గిన జట్టుకు మాత్రమే లభించే అదనపు ప్రశ్నలు అన్నవి ఆ పోటీ మూలసూత్రాలు. నేటికీ విద్యార్థుల క్విజ్‌లు అనేకం ఈ చట్రంలోనే నడుస్తున్నాయి.

నియమాల అవసరం ఎంతటిదో అదే దశకంలో అమెరికా ప్రజలకు తెలిసివచ్చింది. 1956లో ఎన్.బి.సి. టెలివిజన్‌లో ‘ట్వంటీ వన్’ అనే పోటీ మొదలైంది. అందులో చార్లెస్ వాన్ డోరెన్ అనే యువ అధ్యాపకుడు వారాల తరబడి గెలిచి ఇంటింటా ఆరాధ్యుడయ్యాడు. ప్రశ్నలు, జవాబులు తనకు ముందుగానే అందాయని 1959 నవంబరు 2న ఆయన అమెరికన్ కాంగ్రెస్ ఉపసంఘం ఎదుట ఒప్పుకొన్నాడు. 1960లో అటువంటి మోసాన్ని నేరంగా పరిగణిస్తూ చట్టాన్ని సవరించారు. జ్ఞానానికి సంబంధించిన పోటీలో నిజాయితీ లోపిస్తే నష్టపోయేది ఓడిన పోటీదారు ఒక్కడే కాదు. చదువు మీద ప్రజలకుండే నమ్మకమే సడలుతుంది. ప్రశ్నపత్రాన్ని గోప్యంగా ఉంచడం, నిర్ణేతల మాటకు కట్టుబడడం వంటి జాగ్రత్తల విలువ ఈ ఉదంతం వల్ల లోకానికి మరింత స్పష్టమైంది.

‘కాలేజ్ బౌల్’ పద్ధతిని అనుసరించి బ్రిటన్‌లో గ్రెనడా టెలివిజన్ 1962 సెప్టెంబరు 21న ‘యూనివర్సిటీ ఛాలెంజ్’ ప్రారంభించింది. బాంబర్ గాస్కోయిన్ 1987 వరకు ప్రశ్నకర్తగా ఉన్నారు. కొంత విరామం తరువాత 1994లో బి.బి.సి.లో అది పునఃప్రారంభమైంది. జెరెమీ పాక్స్‌మన్ 2023 వరకు నిర్వహించగా, అటుపిమ్మట అమోల్ రాజన్ ఆ స్థానంలోకి వచ్చారు. ఈ పోటీ నియమాలు పాఠశాలల వారు ప్రత్యేకంగా గమనింపదగినవి. తొలి ప్రశ్నకు పది పాయింట్లు. దానికి జట్టు సభ్యులు పరస్పరం సంప్రదించుకోరాదు. మీట నొక్కినవారే చెప్పాలి. సరియైన సమాధానం చెప్పిన జట్టుకు ఒకే విషయం మీద మూడు అదనపు ప్రశ్నలు, ఒక్కొక్కదానికి అయిదు పాయింట్లు. ఇక్కడ సంప్రదింపులకు అనుమతి ఉంది. సమాధానం నాయకుని ద్వారా రావాలి. అంటే ఒక తొలి ప్రశ్న ద్వారా ఒక జట్టుకు గరిష్ఠంగా ఇరవై అయిదు పాయింట్లు లభించవచ్చు. వ్యక్తి ప్రతిభకూ జట్టు సమష్టి జ్ఞానానికీ చోటు కల్పించిన తీరు ఇందులోని విశేషం.

ఈ నియమావళిలో అన్నింటికంటె సూక్ష్మమైనది అంతరాయానికి విధించే శిక్ష. ప్రశ్న పూర్తి కాకముందే మీట నొక్కి తప్పు చెప్పిన జట్టు అయిదు పాయింట్లు కోల్పోతుంది. ప్రశ్న పూర్తిగా విన్న తరువాత తప్పు చెబితే నష్టం లేదు. అంతరాయం కలిగినప్పుడు ఎదుటి జట్టుకు ప్రశ్నను పూర్తిగా చదివి వినిపిస్తారు. దీని వెనుక చక్కని లెక్క ఉంది. ఒప్పు అయితే పది, తప్పు అయితే మైనస్ అయిదు అన్నప్పుడు, ఎదుటి జట్టుకు దక్కే అవకాశాన్ని పక్కన పెడితే, తన సమాధానం సరియైనదయ్యే అవకాశం మూడింట ఒక వంతుకు మించితేనే తొందరపడడం లాభదాయకం. తప్పుకు కూడా పది పాయింట్లు తగ్గిస్తే ఆ అవకాశం సగానికి మించాలి. శిక్ష అసలే లేకపోతే తెలిసినా తెలియకపోయినా మీట నొక్కడమే తెలివైన పని అవుతుంది. పాయింట్ల పట్టిక విద్యార్థికి మాటలతో పని లేకుండా ఒక నీతిని బోధిస్తుంది. అది సాహసమా, సంయమనమా అన్నది నిర్వాహకులు నిర్ణయించే అంకె మీద ఆధారపడి ఉంటుంది.

ఒక ఉదాహరణ చూడవచ్చు. “ఒడిశా రాజధాని భువనేశ్వర్, అంతకుముందు రాజధానిగా ఉన్న నగరం ఏది?” అన్న ప్రశ్నలో “ఒడిశా రాజధాని” అన్న రెండు మాటలు విన్నంతనే మీట నొక్కిన విద్యార్థి “భువనేశ్వర్” అంటాడు. ఓపికతో విన్నవాడు “కటక్” అంటాడు. ఉత్తమమైన ప్రశ్నలు మరొక విధంగా ఉంటాయి. “1798లో కలకత్తాలో జన్మించి, మద్రాసు ప్రభుత్వ కొలువులో చేరి, వేమన పద్యాలను సేకరించి ప్రచురించి, తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును కూర్చినవారు ఎవరు?” అని అడిగితే, లోతుగా చదివినవారు మొదటి మాటకే సి.పి. బ్రౌన్‌ను గుర్తిస్తారు. సామాన్యంగా చదివినవారు నిఘంటువు మాట వచ్చేవరకు ఆగుతారు. కఠినమైన ఆధారం ముందు, సులభమైనది వెనుక ఉండే ఇటువంటి ప్రశ్నలో వేగానికి లభించే పాయింట్లు వాస్తవానికి జ్ఞానానికి లభించినవే.

అమెరికాలో 1964 మార్చి 30న మెర్వ్ గ్రిఫిన్ ప్రారంభించిన ‘జెపర్డీ’ ఇదే సమస్యను వేరొక మార్గంలో పరిష్కరించింది. అక్కడ వివరణను ముందు చెప్పి, దానికి తగిన ప్రశ్నను పోటీదారుల చేత పలికిస్తారు. తప్పు చెబితే ఆ అంశం విలువ మొత్తం తగ్గిపోతుంది. తొలిరోజులలో వివరణ తెరపైకి రాగానే మీట నొక్కవచ్చు. 1984లో అలెక్స్ ట్రెబెక్ నిర్వహణలో కార్యక్రమం కొత్తగా మొదలైన మరుసటి సంవత్సరం, 1985లో, వివరణ చదవడం పూర్తయ్యేవరకు ఆగి తీరాలన్న నియమం వచ్చింది. చదవడం ముగియగానే దీపాలు వెలుగుతాయి. అంతకుముందే నొక్కిన వారి మీట పావు సెకను పాటు పని చేయదు. ఇంట్లో కూర్చుని చూసేవారికి కూడా ప్రశ్న పూర్తిగా వినే అవకాశం ఇందువల్ల కలిగింది.

మీట వెనుక ఉన్న యంత్రం పని తీరు సరళమైనదే. ముందుగా మూసుకొన్న విద్యుద్వలయం తక్కిన వలయాలన్నింటినీ తక్షణం తెంచివేస్తుంది. ఆ జట్టు దీపం ఒక్కటే వెలుగుతుంది. పూర్వం రిలేలతోనూ, తరువాత చిన్న ఎలక్ట్రానిక్ చిప్పులతోనూ దీనిని నిర్మించారు. శబ్దం విని వేలు కదలడానికి మనిషికి సుమారు సెకనులో అయిదో వంతు పడుతుంది. ఇద్దరి మధ్య తేడా అంతకంటె చాలా తక్కువ కావచ్చు. కంటితో చూసి “ఎవరు ముందు చేయెత్తారు” అని నిర్ణయించడంలో పక్షపాతమన్న అపవాదు తప్పదు. యంత్రం ఆ అపవాదును తొలగించింది. అయితే యంత్రం తేల్చగలిగినది ఎవరు ముందన్నది మాత్రమే. పోటీ న్యాయంగా ఉందా లేదా అన్నది తేల్చవలసినవారు మనుషులే.

ఇందుకు ‘యూనివర్సిటీ ఛాలెంజ్’ చరిత్రలోనే నిదర్శనాలున్నాయి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయాలలోని ఒక్కొక్క కళాశాల విడివిడిగా జట్టును పంపవచ్చు. ఇతర విశ్వవిద్యాలయాలలో చాలావాటికి ఒక్కటే జట్టు. దీనికి నిరసనగా 1975లో మాంచెస్టర్ జట్టు ప్రశ్న ఏదైనా మార్క్స్, లెనిన్, ట్రాట్‌స్కీ, చే గువేరా వంటి పేర్లే చెబుతూ వచ్చింది. 2009లో విజేతగా నిలిచిన ఆక్స్‌ఫర్డ్ కార్పస్ క్రిస్టీ కళాశాల జట్టులోని ఒక సభ్యుడు పోటీలు ముగిసేనాటికి విద్యార్థిగా లేడని తేలడంతో, ఆ బహుమతిని రద్దు చేసి మాంచెస్టర్‌కు ఇచ్చారు. పోటీలో ఎవరు పాల్గొనవచ్చునన్న నియమం మీట కంటె ముందే మొదలవుతుంది.

మన దేశంలో బహిరంగ క్విజ్‌కు ఆద్యులుగా నీల్ ఓబ్రయెన్ పేరు చెబుతారు. 1967లో కలకత్తాలో ఆయన నిర్వహించిన పోటీ ఇందుకు నాంది. 1972లో హైదరాబాదులో ‘కె సర్కిల్’, 1983లో బెంగుళూరులో ‘కర్ణాటక క్విజ్ అసోసియేషన్’ ఏర్పడ్డాయి. పాఠశాల విద్యార్థులకు క్విజ్‌ను చేరువ చేసినది 1972లో మొదలైన ‘బోర్న్‌విటా క్విజ్ కాంటెస్ట్’. హమీద్ సయానీ, ఆయన తరువాత అమీన్ సయానీ రేడియోలో దానిని నడిపారు. 1992లో డెరెక్ ఓబ్రయెన్ నిర్వహణలో అది టెలివిజన్‌కు వచ్చింది. 1985లో దూరదర్శన్‌లో సిద్ధార్థ బసు నిర్వహించిన ‘క్విజ్ టైమ్’ కళాశాల విద్యార్థులలో ఉత్సాహం నింపింది.

భారతీయ వేదికలపై రెండు జట్లకు బదులు ఆరు, ఎనిమిది జట్లు కూర్చోవడం పరిపాటి. అందువల్ల ఒక జట్టును అడిగిన ప్రశ్నకు వారు చెప్పలేకపోతే పక్క జట్టుకు ‘పాస్’ చేసే పద్ధతి స్థిరపడింది. నేరుగా వచ్చిన ప్రశ్నకు పది, పాస్ అయి వచ్చినదానికి అయిదు పాయింట్లు అన్నది పాఠశాలలలో సర్వసాధారణం. ఇందులో ఒక లోపం ఉంది. బలహీనమైన జట్టు పక్కన కూర్చున్నవారికి ఎక్కువ ప్రశ్నలు దక్కుతాయి. దీనికి విరుగుడుగా, సమాధానం చెప్పిన జట్టు తరువాతి జట్టు నుంచి మరుసటి ప్రశ్న మొదలుపెట్టే పద్ధతి వచ్చింది. ప్రశ్న తమ వంతుకు రాకముందే సమాధానాన్ని కాగితం మీద వ్రాసి ఇచ్చి, ఒప్పయితే పాయింట్లు పొందడానికి, తప్పయితే కోల్పోవడానికి సిద్ధపడే ‘పౌన్స్’ పద్ధతి మరొకటి. 2000 జూలై 3న ప్రారంభమైన ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’లో ప్రాథమిక పోటీ వేగానిదే అయినా, సరియైన సమాధానం ఇచ్చినవారిలోనే వేగాన్ని లెక్కించారు. ఒప్పు ముందు, వేగం వెనుక అన్న ఈ క్రమం పాఠశాలలకు ఆదర్శప్రాయం.

తెలుగు మాధ్యమ విద్యార్థుల విషయంలో మరొక అంశం ఆలోచింపదగినది. ఇంగ్లీషులో “ఎవరు”, “ఎప్పుడు”, “ఎక్కడ” అన్న మాట సాధారణంగా వాక్యం మొదట్లోనే వస్తుంది. వినేవాడికి ఏమి అడుగుతున్నారో తొలి మాటతోనే తెలుస్తుంది. తెలుగు వాక్యంలో అది చివరన వస్తుంది. “రామాయణ కల్పవృక్షాన్ని రచించినవారు ఎవరు?” అన్న ప్రశ్నలో చివరి మాట వినేదాకా అడుగుతున్నది కవి పేరో, కాలమో, కాండల సంఖ్యో నిశ్చయంగా చెప్పలేము. ఇంగ్లీషు వాక్యక్రమానికి అనువుగా పుట్టిన అంతరాయ నియమాన్ని తెలుగు ప్రశ్నకు యథాతథంగా వర్తింపజేస్తే, తెలుగులో ఆలోచించే బాలుడు రెట్టింపు సాహసం చేయవలసి వస్తుంది. ప్రశ్నను రెండు భాషలలో చదివే పోటీలలో అన్యాయం ఇంకా ప్రత్యక్షంగా కనిపిస్తుంది. మొదట చదివిన భాష తెలిసినవారు రెండవ భాష నోటికి రాకముందే మీట నొక్కేస్తారు. అపుడు ఓడినది జ్ఞానం కాదు, వరుసక్రమం.

దీనికి పరిష్కారం కష్టమైనది కాదు. రెండు భాషలలోనూ చదవడం పూర్తయ్యేవరకు మీటలను బంధించి ఉంచవచ్చు. లేదా “ఒక కవి పేరు చెప్పండి” అని ముందుగా తెలిపి ఆపై ప్రశ్న చదవవచ్చు. భాషల క్రమాన్ని ప్రశ్నప్రశ్నకూ మార్చవచ్చు. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రలలోనూ యానాంలోనూ తరతరాలుగా తెలుగు చదువును నిలుపుకొంటున్న కుటుంబాల పిల్లలు ఇరుగుపొరుగు భాషల విద్యార్థులతో కలిసి పోటీ పడేచోట ఈ జాగ్రత్త దయాదాక్షిణ్యం కాదు, కనీస న్యాయం.

వేగమే ప్రజ్ఞకు కొలమానం కాదని తెలుగు సంప్రదాయం ఏనాడో గ్రహించింది. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు ఎనిమిది వైపుల నుంచి అడుగుతుంటే, నడుమ మ్రోగే గంటల సంఖ్యను కూడా అవధాని మనసులో నిలుపుకొని చివరకు చెబుతాడు. అక్కడ గంట తొందరపెట్టడానికి కాదు, ధారణను పరీక్షించడానికి. వేదికపై గంట ఉన్నా, దాని ప్రయోజనం వేరు.

విద్యార్థులకు వేగం వలదని చెప్పనక్కరలేదు. తెలిసిన విషయాన్ని సంకోచం లేకుండా నలుగురి ఎదుట చెప్పగలగడం గొప్ప శిక్షణ. తప్పు చెప్పి, పాయింట్లు కోల్పోయి, మరుక్షణమే తరువాతి ప్రశ్నకు సిద్ధం కావడం అంతకంటె గొప్ప శిక్షణ. పెద్దల బాధ్యత అల్లా నియమాలను పోటీకి ముందే అందరికీ చదివి వినిపించడం, వాటిని మధ్యలో మార్చకుండా ఉండడం, స్కోరు పట్టికను అందరికీ కనబడేటట్లు ఉంచడం. నియమం న్యాయంగా ఉన్నచోట ఓడిన పిల్లవాడు కూడా ఒక కొత్త విషయం నేర్చుకొని ఇంటికి వెళతాడు. ఏ క్విజ్‌కైనా అంతకు మించిన బహుమతి లేదు.