సరస్సు దాచిన గ్రామము

1853-54 శీతకాలమున స్విట్జర్లండులోని జూరిచ్ సరస్సు నీటిమట్టము మిక్కిలి తగ్గిపోయెను. ఓబర్‌మైలెన్ గ్రామస్థులు ఆ అదను చూచుకొని, తీరమున గట్లు కట్టి, బయటపడిన ఒండ్రును త్రవ్వి తమ స్థలములను మెరక చేసుకొనసాగిరి. గునపములకు కొయ్యగుంజల వరుసలు, రాతిగొడ్డళ్లు, జింకకొమ్ములతో చేసిన పనిముట్లు తగిలెను. వానిని చూచి ఊరుకొనక జూరిచ్ పురాతత్త్వ సంఘమునకు తెలియజేసినవాడు ఆ ఊరి బడిపంతులు యోహన్నెస్ ఎప్లి.

సంఘమునకు చెందిన ఫెర్డినాండ్ కెల్లర్ 1854లోనే వీనిని గూర్చి నివేదిక ప్రచురించెను. ఆ ఇండ్లు ఒడ్డునకు దూరముగా, నీటిపై గుంజల మీద పరచిన పెద్ద వేదికపై నుండెడివని అతని యూహ. న్యూగినీ తీరమందలి గుంజల ఇండ్ల చిత్రములు అతనికి ఆధారమైనవి. ఆ దృశ్యము పాఠ్యపుస్తకముల కెక్కి ఎంతోకాలము నిలిచెను.

పొడినేలలో వేలయేండ్లకు మిగులునవి రాయి, కుండపెంకు, ఎముక. నీట నానిన బురదలోనికి ప్రాణవాయువు చొరదు. కొయ్యను తినివేయు బూజు అక్కడ పెరుగజాలదు. కనుకనే ఈ సరస్సులలో గొడ్డలితోబాటు దాని పిడియు, అవిసెనార బట్టలు, చేపలవలలును దొరకినవి. రోబెన్‌హౌసెన్‌లో మాడిన రొట్టెముక్కలు, అడవి ఆపిలుపండ్లు కూడ లభించెను. చక్రవర్తుల శాసనములు ఇంతటి ఇంటిముచ్చట చెప్పగలవా?

కెల్లర్ ఊహను ఇరువదవ శతాబ్దమున పలువురు ఎదిరించిరి. ఇండ్లు తడినేలపై ఒడ్డుననే యుండెననియు, పిమ్మట నీరు పెరిగి స్థలము మునిగెననియు వారి వాదము. నిజమునకు రెండు విధములును కలవు. కొన్ని ఇండ్లు ఒడ్డుననే కట్టబడినవి. వరద వచ్చుచోట్ల అరుగు ఎత్తుగా లేపబడెను.

కాలనిర్ణయమునకును గుంజలే సాక్షులు. చెట్టునకు ఏటేట ఒక వలయము చేరును. వానయెండలను బట్టి దాని మందము మారును. ఈ వలయముల వరుసను పోల్చి, చెట్టు నరికిన సంవత్సరమునే చెప్పవచ్చును. నూషటెల్ సరస్సులోని కొర్తయో-ఎస్త్ గ్రామము క్రీ. పూ. 1010లో నాలుగిండ్లతో ప్రారంభమైనదనియు, క్రీ. పూ. 985లో దానికి కంచె వేసిరనియు ఇట్లే తేలినది. ఓబర్‌మైలెన్‌లోని తొలి నివాసములు అంతకంటె వేలయేండ్లు పాతవి.

కాపాడినది నీరే గనుక, నీరు తొలగినచో ముప్పు. 1868 తరువాత జురా ప్రాంతపు నదులను సవరించినప్పుడు నూషటెల్, బియెల్ సరస్సుల మట్టము దిగిపోయెను. బయటపడిన స్థలములను వస్తువులు సేకరించువారు దోచుకొనిరి. గుంజలు ఎండి శిథిలమయ్యెను. ఆల్ప్స్ చుట్టునుగల ఆరు దేశములలో ఇట్టి 111 స్థలములను యునెస్కో 2011లో ప్రపంచ వారసత్వముగా గుర్తించెను. అలలు ఒండ్రును కోసివేయు కొన్ని తావులలో నేడు నీటియడుగున గుడ్డ పరచి, దానిపై గులకరాళ్లు పోయుచున్నారు.