మోటుపల్లి అభయము – తీరరక్షణ ధర్మము

నందిగిరుల చెంత పుట్టిన ఉత్తరపినాకిని, బాగేపల్లి మీదుగా పారు చిత్రావతిని తనలో కలుపుకొని, నెల్లూరు సీమలో సముద్రమును చేరును. చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతముల తెలుగువారమగు మనకు సముద్రము కంటికి కానరాదు. అయినను మన కొండలపై కురిసిన వాన పోయి చేరునది ఆ తీరమునకే. కావున దానిని కాచువారి ధర్మమెట్టిదో తెలిసికొనుట మనకును ఉచితము.

పూర్వము తుపానునకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును రాజులు బలాత్కారముగా హరించుచుండిరి. ఓడ మునిగిన వర్తకునకు ఒడ్డును పగయే. కాకతీయ గణపతిదేవుడు క్రీ.శ. 1244-45లో, నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవున అభయశాసనము వేయించి, నిర్ణీతమైన సుంకము తప్ప మరేమియు గొనబోనని వర్తకులకు మాట యిచ్చెను. 1358లో అనపోతారెడ్డి అదే రేవున వర్తకులకు మరల అభయమొసగెను.

స్వతంత్ర భారతమున తీరరక్షకదళము 1977 ఫిబ్రవరి 1న ఆరంభమై, 1978 నాటి చట్టముచే స్థిరపడెను. దొంగరవాణాను అరికట్టుటలో సుంకాధికారులకు తోడ్పడుట, సముద్రజలములు కలుషితము గాకుండ చూచుట, ఆపదలోనున్న జాలరులను ఆదుకొనుట ఆ చట్టము దానికి విధించిన కార్యములలో ముఖ్యములు. విశాఖపట్టణము, కాకినాడ, కృష్ణపట్టణములందు దాని స్థావరములు గలవు. తుపాను సూచన రాగానే నడిసముద్రమునందలి పడవలను హెచ్చరించి ఒడ్డునకు మరల్చుట దాని పనియే.

గణపతిదేవుడు రాజ్యమునకు రావలసిన సుంకమును విడువలేదు; ఆపన్నుని దోచనూ లేదు. ఈ రెండును కూడినప్పుడే తీరరక్షణ పూర్ణమగును.