సమాధి లేని నావికులు

బాన్సువాడ వైపు వాళ్లకు సముద్రమంటే నిజాంసాగరే. 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ ఆనకట్ట మీద నిలబడి, గేట్లెత్తగానే ఉరికే మంజీరను చూసినవాళ్లకు ఇంతకు మించిన నీళ్లు ఉంటాయంటే నమ్మబుద్ధి కాదు. ఆ ప్రాజెక్టు కట్టించిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ డబ్బుతో ఒక యుద్ధనౌక కూడా తయారైంది. ఈ సంగతి మన జిల్లాల్లో చాలామందికి తెలియదు.

రెండో ప్రపంచ యుద్ధం నాటి మాట. స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో కట్టిన ఆ డిస్ట్రాయర్ 1941 జనవరిలో ఆస్ట్రేలియా నౌకాదళంలో చేరింది. పేరు ‘హెచ్‌ఎంఏఎస్ నిజాం’. ఆ ఏడాదే క్రీట్ దీవిలో చిక్కుకున్న సైనికులను తరలించింది. ముట్టడిలో ఉన్న టోబ్రూక్‌కు సరుకులు మోసింది. ఇన్ని గండాలు గడిచాక 1945 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా నైరుతి కొసన, కేప్ లీయువిన్ దగ్గర, ఒక రాకాసి అల వచ్చి పడింది. ఓడ దాదాపు పూర్తిగా పక్కకు ఒరిగి మళ్లీ లేచింది. లేచేసరికి పదిమంది నావికులు లేరు. శత్రువు గుండు కాదు, నీళ్లే మింగేశాయి. నిజాం ఖజానా నిండింది మన పల్లెల శిస్తుతోనే కదా. ఆ లెక్కన ఆ పదిమందితో మనకూ ఓ బంధం ఉందనే నేను నమ్ముతాను.

అలాంటి మరణాలకు గుర్తు ఎక్కడ పెట్టాలి? పొలంలో పోయినవాడికి గట్టు పక్కన సమాధి కడతాం. సముద్రంలో పోయినవాడికి చోటే లేదు. అందుకే ఒడ్డున స్మారకం నిలబెట్టాలి.

మనకు దగ్గర్లో అలాంటి చోటు విశాఖపట్నం బీచ్ రోడ్డు. హైదరాబాద్‌లో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి దిగుతాం. 1971 యుద్ధానికి గుర్తుగా 1996లో కట్టిన ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం అక్కడుంది. ఏటా డిసెంబరు 4న, నౌకాదళ దినోత్సవం రోజు, తూర్పు నౌకాదళ అధికారులు పుష్పగుచ్ఛాలు ఉంచి నివాళులర్పిస్తారు. మామూలు రోజుల్లో మాత్రం చాలామంది ఫొటో దిగి ముందుకు కదులుతారు. పేరులో విజయం ఉంది గానీ, ఆ విజయానికి చెల్లించిన మూల్యం కూడా గుర్తుకు రావాలి. ఆ యుద్ధంలోనే, డిసెంబరు 9న, డయ్యూ తీరానికి అవతల ‘ఐఎన్‌ఎస్ ఖుక్రీ’ని పాకిస్థాన్ జలాంతర్గామి ‘హంగోర్’ ముంచేసింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను వదల్లేదు, దానితోపాటే మునిగిపోయారు. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు.

నీటి అడుగున చావంటే ఏమిటో తెలియాలంటే అదే రోడ్డులో ఉన్న కుర్సురా జలాంతర్గామిలోకి వెళ్లాలి. 1969లో దళంలో చేరి, 2001లో విశ్రాంతి పొంది, మరుసటి ఏడాది మ్యూజియం అయింది. దాదాపు 91 మీటర్ల పొడవుంది, లోపల మాత్రం ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు తప్పుకోవాలి. ఒక గదిలోంచి మరో గదిలోకి గుండ్రటి కంతలోంచి ముందు కాలు, తర్వాత తల పెట్టి దూరాలి. గోడకు అంటించినట్టున్న పడకలు, నెత్తిన పైపులు, చివర టార్పెడో గొట్టాలు. ఆ కంతకున్న తలుపు చక్రం మీద చెయ్యి వేస్తే చల్లగా తగులుతుంది. నీళ్లు చొరబడితే ఆ తలుపు బిగించాల్సిందే, అవతల తోటివాడు ఉన్నా సరే.

ఇలాంటి ఇనుప గదుల్లోనే ‘ఘాజీ’ వాళ్లూ పోయారు. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వేటాడ్డానికి వచ్చిన ఆ పాకిస్థాన్ జలాంతర్గామి 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ ముంగిట పేలి మునిగింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది. అది విశాఖలోనే ఉందనుకునేలా మనవాళ్లు తప్పుడు వైర్‌లెస్ సందేశాలు పంపారు. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలే ముంచాయని మన నౌకాదళం మాట. తన మైన్లే పేలాయనో, లోపలే ప్రమాదం జరిగిందనో పాకిస్థాన్ మాట. ఎవరి మాట నిజమైనా తొంభై మందికి పైగా తల్లుల కొడుకులు తిరిగి రాలేదు. 2024లో మన నౌకాదళ రెస్క్యూ జలాంతర్గామి ఆ శిథిలాలను గుర్తించినా, చనిపోయినవారి మీద గౌరవంతో వాటిని ముట్టుకోలేదని వార్తలొచ్చాయి. ఆ నిర్ణయానికి నేను చేతులెత్తి దండం పెడతాను. ఆ రాత్రి వాళ్లు మన తీరం మీదికి వచ్చినవాళ్లే, నిజమే. చనిపోయాక వాళ్లకీ ఆ నీళ్లే సమాధి.

బాన్సువాడ, నిజామాబాద్, కామారెడ్డి బడుల టీచర్లకు ఒక విన్నపం. ఈ డిసెంబరు 4న ప్రార్థన సమయంలో రెండు నిమిషాలు పిల్లలకు ఖుక్రీ గురించి చెప్పండి. పనిలో పనిగా, ‘నిజాం’ అనే ఓడ నుంచి కొట్టుకుపోయిన ఆ పదిమంది గురించి కూడా చెప్పండి.