తెరమీది రాయలు, సీమలోని స్మృతి: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతంలో చారిత్రక చిత్రాలు, పాటలు, ప్రేక్షకాభిప్రాయం

వ్యాస సంగ్రహం: సినిమా చూసినవారి అభిప్రాయాన్నీ, వారి నోట నిలిచిన పాటనూ ప్రాంతీయ చరిత్రకు ఆధారాలుగా ఏ మేరకు స్వీకరించవచ్చునో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. విజయనగర సామ్రాజ్యపు మలి రాజధాని పెనుకొండ, దానికి ఇరువైపులా ఉన్న హిందూపురం, ధర్మవరం పట్టణాలు ఇందుకు క్షేత్రం. శ్రీకృష్ణదేవరాయల కాలాన్ని చిత్రించిన ఐదు చలనచిత్రాలు ప్రధాన ఆకరాలు.

కీలక పదాలు: పెనుకొండ, తిమ్మరుసు, చారిత్రక చిత్రం, సినిమా పాట, ప్రేక్షక స్మృతి, సీడెడ్.

1. ఉపోద్ఘాతం

శాసనం రాతిపై నిలుస్తుంది, కైఫీయతు కాగితంపై నిలుస్తుంది. సినిమా ముచ్చట మాత్రం హాలు బయట పుట్టి, టీకొట్టు దగ్గర పెరిగి, మరో సినిమా రాగానే మరుగున పడుతుంది. అందువల్ల సినిమా చరిత్ర ప్రధానంగా నిర్మాతలు, దర్శకులు, నటుల చరిత్రగానే రూపొందింది. ప్రేక్షకుడు అందులో వసూళ్ల అంకెగా మిగిలాడు. ఆ ప్రేక్షకుడు తన ఊరి కోటనూ తెరమీది కోటనూ పక్కపక్కన పెట్టి చూడగలిగిన చోట ఈ లోటు మరింత స్పష్టమవుతుంది. పెనుకొండ అటువంటి చోటు.

2. 'సీడెడ్' అనే మాట

1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన భూభాగాన్ని ఆంగ్లేయులు సీడెడ్ జిల్లాలన్నారు; తెలుగులో అవే దత్త మండలాలు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు 'రాయలసీమ' అనే పేరును ప్రతిపాదించిన తర్వాత పాత పేరు ప్రజావ్యవహారం నుండి క్రమంగా తొలగింది. సినిమా పంపిణీ వ్యాపారంలో మాత్రం ఈ ప్రాంతం నేటికీ 'సీడెడ్' గానే ఉంది. విడుదలైన ప్రతి చిత్రానికీ 'సీడెడ్‌లో ఎలా ఉంది?' అని అడిగేవారు తెలియకుండానే ఒక వలసపాలనా పదాన్ని పలుకుతున్నారు.

ఈ సీమ అంచున ఉన్న హిందూపురం కన్నడ దేశానికి ఇరుగు. 1956లో 'తెనాలి రామకృష్ణ'ను తీసిన బి.ఎస్. రంగా కర్ణాటకకు చెందినవారు. ఆ చిత్రానికి ఆధారమైన నాటకాన్ని రచించిన సి.కె. వెంకటరామయ్య కన్నడ రచయిత. ఎన్.టి. రామారావు రాయలుగా తెలుగులో 'మహామంత్రి తిమ్మరుసు' (1962) రాగా, కన్నడంలో బి.ఆర్. పంతులు 'శ్రీకృష్ణదేవరాయ' (1970) తీశారు. అందులో రాజ్‌కుమార్ రాయలు. ఒకే రాజును ఇద్దరు జననాయకులు రెండు భాషలలో ధరించారు. సరిహద్దు ప్రాంతంలో 'ఎవరి రాయలు మేలు?' అనే ప్రశ్న నటనకు సంబంధించినదే కాక, ఆ రాజు ఎవరివాడన్న భాషాభిమానానికీ సంబంధించినది.

3. పాట ప్రయాణం

సినిమా ఊరు విడిచి వెళ్లిపోయినా పాట వెళ్లలేదు. హాలు దగ్గర అమ్మిన పాటల పుస్తకం దానికి తొలి వాహకం. అందులో కథను సగం చెప్పి, మిగతాది వెండితెరపై చూడమనేవారు. 1952 తర్వాత బి.వి. కేస్కర్ సమాచార ప్రసార మంత్రిగా ఉన్నకాలంలో ఆకాశవాణి సినిమా పాటను తగ్గించింది. శ్రోతలు రేడియో సిలోన్ వైపు మళ్లారు. 1957 అక్టోబరు 3న వివిధ భారతి ప్రారంభం కావడం ఆ వలసకు జవాబు. 1963లో కడప ఆకాశవాణి కేంద్రం సీమకు సొంత గొంతు ఇచ్చింది. పట్టుచీరలకు పేరుపొందిన ధర్మవరం వంటి నేతపట్టణంలో ఈ మార్పును ప్రత్యేకంగా గమనించాలి. చేతులూ కళ్లూ మగ్గానికే అంకితమైన పనిలో చెవి మాత్రమే ఖాళీ. తెరకు వెచ్చించవలసిన పూట పాటకు అక్కరలేదు.

'సౌండ్‌ట్రాక్' అనే మాట తెలుగునాట పాటలకే పరిమితం కాలేదు. 'దానవీరశూరకర్ణ' (1977) వంటి చిత్రాల సంభాషణలు రికార్డులుగా, క్యాసెట్లుగా వెలువడి మైకుసెట్ల ద్వారా ఊళ్లలో మారుమోగాయి. కొండవీటి వెంకటకవి రచించిన సంభాషణలను సినిమా చూడనివారు సైతం కంఠస్థం చేశారు. పద్యనాటకాన్ని రాత్రంతా విన్న సమాజానికి ఇది కొత్త అలవాటు కాదు, పాత అలవాటుకు కొత్త యంత్రం.

4. తెర ఎంచుకున్న కాలం

బి.ఎన్. రెడ్డి 'మల్లీశ్వరి' (1951), 'తెనాలి రామకృష్ణ', 'మహామంత్రి తిమ్మరుసు', కన్నడ 'శ్రీకృష్ణదేవరాయ', సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' (1991) చిత్రాలలో కనిపించే విజయనగరం కృష్ణరాయల పాలనాకాలానిదే (1509–1529). 1565లో రాక్షసి తంగడి యుద్ధం తర్వాత తిరుమల రాయలు రాజధానిని పెనుకొండకు తరలించిన ఘట్టానికి వీటిలో చోటు లేదు. ఆ పతనాన్ని నాటకరంగం విస్మరించలేదు. కోలాచలం శ్రీనివాసరావు రామరాజు కథను నాటకంగా రచించగా, బళ్ళారి రాఘవ పఠాను రుస్తుం పాత్రలో ప్రసిద్ధులయ్యారు. ఈ చిత్రాలు వైభవాన్ని తీసుకుని, పతనానంతర జీవనాన్ని వదిలిపెట్టాయి. పెనుకొండలోని గగన్‌మహల్ ఆ వదిలిన కాలానికి సాక్షి.

సంగీతం ఈ ఎంపికకు బలం చేకూర్చింది. 'మల్లీశ్వరి'కి సాలూరి రాజేశ్వరరావు సంగీతం, దేవులపల్లి కృష్ణశాస్త్రి సాహిత్యం అందించారు. కృష్ణశాస్త్రి సినిమా పాటల రచనకు అదే ఆరంభం. అందులోని భావకవిత్వపు భాష పదహారవ శతాబ్దిది కాదు, ఇరవయ్యవ శతాబ్దిది. అయినా శ్రోతకు రాయలకాలం అంటే ఆ బాణీయే గుర్తుకు వచ్చేంతగా అది పాతుకుపోయింది. నలభై ఏళ్ల తర్వాత 'ఆదిత్య 369' లో రాయల ఆస్థానపు పాటకు ఇళయరాజా 1950ల నాటి గాయని జిక్కి గొంతును వినిపించారు. గతం అంటే విజయనగరం కంటె ముందు పాత తెలుగు సినిమాయే ప్రేక్షకుడికి స్ఫురిస్తుందని ఈ ఎంపిక సూచిస్తుంది.

కొన్ని పాటలు చరిత్రను సూటిగానే తాకాయి. 'మహామంత్రి తిమ్మరుసు' లో పెండ్యాల నాగేశ్వరరావు స్వరపరచిన, ఇద్దరు రాణులు వేంకటేశ్వరుని కీర్తించే పాటను ఎస్. వరలక్ష్మి, పి. సుశీల పాడారు. తిరుమల ఆలయంలో ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలిచిన రాయల విగ్రహాలు చూసినవారికి ఈ పాట ఆ లోహమూర్తులకు గొంతు ఇచ్చినట్లుంటుంది.

5. తిమ్మరుసు: గ్రంథం, ఐతిహ్యం, చిత్రం

పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ కథనం ప్రకారం రాయలు ఆరేళ్ల కుమారుడికి పట్టం కట్టాడు. ఎనిమిది నెలల ఉత్సవాల తర్వాత బాలుడు జబ్బుపడి మరణించాడు. తిమ్మరుసు కుమారుడు విషం పెట్టాడని విన్న రాజు మంత్రి కుటుంబాన్ని చెరలో ఉంచి, కొన్నేళ్లకు తిమ్మరుసుతోపాటు ఆయన కుటుంబీకులకూ కళ్లు తీయించాడు. ఒకప్పుడు రాయల కళ్లు తీయమని అన్న ఆజ్ఞాపిస్తే, మేక కళ్లు చూపి ఆయనను కాపాడినవాడు ఇదే తిమ్మరుసు అని కూడా న్యూనిజే చెప్పాడు. ఈ వృత్తాంతం సంఘటనల తర్వాత పదేళ్లకు పైబడి రాసినది. రాబర్ట్ సూయల్ 1900లో ఆంగ్లంలో వెలువరించాడు.

న్యూనిజ్ తిమ్మరుసు నిర్దోషి అనలేదు. తిమ్మరుసు పాత్రలో గుమ్మడి నటించిన చిత్రం ఆయనను కుట్రకు బలైన నిర్దోషిగా నిలిపింది. తిమ్మరుసును బంధించిన తావు పెనుకొండ అని స్థానిక ఐతిహ్యం. సాళువ నరసింహుని కుమారుణ్ణి నరస నాయకుడు కాపలాలో ఉంచింది పెనుకొండలోనే అని న్యూనిజ్ చెప్పడాన్ని బట్టి, రాచబందీల స్మృతి ఈ కోటకు తిమ్మరుసుకు ముందే ఉందని గ్రహించవచ్చు. గ్రంథం నేరాన్ని ఆరోపించింది, ఐతిహ్యం చోటును చూపింది, చిత్రం తీర్పు చెప్పింది. ఈ మూడింటిలో ఎక్కువమందికి చేరినది మూడవదే కనుక, నేటి స్థానిక కథనాన్ని సేకరించే పరిశోధకుడు అందులో 1962కు ముందున్నదేదో, తర్వాత చేరినదేదో వేరుచేయవలసి ఉంటుంది.

6. పాత్ర నుండి ప్రాతినిధ్యానికి

రెండు చిత్రాలలో రాయలుగా నటించిన రామారావు 1985లో గుడివాడ, నల్లగొండ, హిందూపురం స్థానాలలో గెలిచి హిందూపురాన్నే ఉంచుకున్నారు. 1989, 1994లలోనూ అక్కడ గెలిచారు. 'ఆదిత్య 369' లో రాయలుగా నటించిన బాలకృష్ణ 2014, 2019, 2024 ఎన్నికలలో అదే స్థానం నుండి గెలిచారు. పెనుకొండకు పొరుగున ఉన్న నియోజకవర్గానికి ఇద్దరు 'తెర రాయలు' ప్రాతినిధ్యం వహించడం యాదృచ్ఛికమే కావచ్చు. ఓటుకు కారణాలు పార్టీ, కులం, నీరు, సంక్షేమం వంటివి అనేకం. కిరీటం ఒక్కటే కారణమనడం ఓటరును తక్కువచేయడమే. అయితే 2025 ఏప్రిల్‌లో 'ఆదిత్య 369' మళ్లీ థియేటర్లకు వచ్చినప్పుడు ఈ ప్రాంత ప్రేక్షకుడి ముందు ఉన్నది పాత సినిమా మాత్రమే కాదు, తన శాసనసభ్యుడి యౌవనం, తన సీమ పేరులోని రాజు కూడా. అటువంటి ప్రేక్షకుడి అభిప్రాయాన్ని కేవలం వినోదవిమర్శగా చదవలేము.

7. ముగింపు

ప్రేక్షకాభిప్రాయం విజయనగర చరిత్రకు ఆధారం కాదు. విజయనగరాన్ని ప్రజలు ఎలా గుర్తుంచుకున్నారనే చరిత్రకు అది మూలాధారం. ఈ భేదాన్ని పాటించినంతవరకు పాటల పుస్తకం, రేడియో జ్ఞాపకం, క్యాసెట్టు, హాలు బయటి వాదన అన్నీ పరిశోధనకు పనికివచ్చే సామగ్రియే. పాటల పుస్తకాలు చిత్తుకాగితాల్లో కలుస్తున్నాయి. టూరింగ్ టాకీసులలో నేల టిక్కెట్టుపై 'మల్లీశ్వరి' చూసిన తరం తరిగిపోతోంది. రాతి శాసనాలకు నకళ్లు తీసినంత శ్రద్ధతో ఈ మౌఖిక సాక్ష్యాన్ని మూడు పట్టణాల కళాశాలల తెలుగు, చరిత్ర శాఖలు నమోదు చేయకపోతే, పెనుకొండ స్మృతిలో ఐతిహ్యమెంతో, సినిమా ఎంతో తేల్చగల అవకాశం ఈ తరంతోనే ముగుస్తుంది.