వైరసునకు మౌనశిక్ష

క్రీ.శ. 752వ సంవత్సరమున జపాను సామ్రాజ్ఞి కోకెన్, వేసవిలోనే ఆకులు పసుపుబారియున్న యొక మొక్కను చూచి చిన్న పద్యమొకటి చెప్పెను. ఆ పద్యము ‘మన్యోషూ’ యను ప్రాచీన సంకలనమున చేరి నిలిచినది. పండ్రెండువందల యేండ్ల పిమ్మట, 2003లో, బ్రిటిషు, జపాను శాస్త్రజ్ఞులు యుపటోరియం జాతికి చెందిన యా మొక్కలనుండి జెమినివైరసును, దానిని వెన్నంటి తిరుగు ఉపగ్రహ డీఎన్ఏను వెలికిదీసి, సామ్రాజ్ఞి కంటబడిన పసుపురంగు ఋతుధర్మము కాదనియు, మొక్కల వైరసువ్యాధిని గూర్చి లోకమున మిగిలిన తొలి వ్రాత యదియే యనియు ప్రకటించిరి.

ఈ జెమినివైరసులు తెలుగు రైతునకు క్రొత్తవి కావు. మినుము, పెసర చేలను పసుపుమయము చేయు పల్లాకు తెగులు, మిరపాకును ముడుచు బొబ్బర తెగులు వీని పనులే. తెల్లదోమ వీనికి వాహనము. మొక్కల వైరసులలో అధికభాగము ఆర్ఎన్ఏతో నిర్మితమైనవి కాగా, ఈ కుటుంబమువారిది డీఎన్ఏ శరీరమని 1977లో గాని తేలలేదు.

కాళ్లు లేక, రక్తము లేక, ప్రతిరక్షకములు లేక నిలిచినచోటనే నిలిచియుండు మొక్క ఇట్టి శత్రువును ఎట్లెదుర్కొనును? ఈ ప్రశ్నకు తొలి జాడ 1928లోనే దొరకినది. అమెరికాలోని వర్జీనియాలో వింగార్డ్ అను శాస్త్రజ్ఞుడు వలయపుమచ్చల వైరసు సోకిన పొగాకు మొక్కలను పరిశీలించుచు, క్రింది యాకులు మచ్చలతో మాడిపోయినను పైని పుట్టిన లేతయాకులు నిర్మలములై యుండుటయు, వానికి అదే వైరసును మరల నంటించినను వ్యాధి రాకుండుటయు గమనించెను. అది ఆర్ఎన్ఏ వైరసు. అయినను కోలుకొనుట యను ఘటనను ఆయన స్పష్టముగా చిత్రించెను. కారణము మాత్రము డెబ్బదియేండ్ల వరకు తేలలేదు. కనులయెదుటనున్న సత్యము కూడ దానిని చెప్పగల భాష పుట్టువరకు కాచుకొనియుండవలసినదే కాబోలు!

ఆ భాష పుట్టినది, విచిత్రముగా, ఒక పూలకుండీలో. 1990లో కాలిఫోర్నియాలో నపోలీ, జోర్గెన్‌సెన్ మున్నగువారు పెట్యూనియా పూవుల ఊదావన్నెను మరింత చిక్కబరుపగోరి, ఆ వన్నెకు మూలమైన జన్యువునకు అదనపు ప్రతిని మొక్కలో చొప్పించిరి. పూచిన పూవులలో పెక్కు తెల్లనివి, కొన్ని చారలవి. చొప్పించిన జన్యువు పనిచేయకపోవుటయే కాక, మొక్కకు సహజముగానున్న జన్యువు సహితము మౌనము వహించెను. జన్యు నిశ్శబ్దీకరణమని యిప్పుడు మనము చెప్పుకొను వ్యవహారము శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చినది ఇట్టి ప్రయోగములతోనే.

ఈ మౌనము వైరసులపై మొక్క ప్రయోగించు అస్త్రమే యని 1997లో ఇంగ్లండునందలి నార్విచ్‌లో తేలినది. డీఎన్ఏ వైరసైన కాలీఫ్లవర్ మొజాయిక్ వైరసు సోకిన నూల్‌కోల్ మొక్కలు కొన్నాళ్లకు కోలుకొనుటయు, అప్పుడు వైరసు ఆర్ఎన్ఏ వానిలో నశించుటయు కోవీ బృందము చూపించెను. రెండేండ్లకు, అదే ఊరిలో, హామిల్టన్, బాల్‌కూమ్ ఈ మౌనమునకు తోడుగా నుండు అతిచిన్న ఆర్ఎన్ఏ తునుకలను కనుగొనిరి. 2006 నోబెల్ బహుమానము పురుగులలో ఇదే ప్రక్రియను వివరించిన ఫైర్, మెల్లోలకు దక్కినది. పూవులనుండియు ఆకులనుండియు దారి తీసినవారు అందులో లేకపోవుట న్యాయమని నాకు తోచదు.

జెమినివైరసు డీఎన్ఏ సుమారు 2,700 అక్షరముల ఒంటిపేట వలయము. కణకేంద్రమును జొచ్చిన పిదప అది ఆతిథేయి సాధనములతోనే జంటపేటయై, మొక్క క్రోమోజోమువలె హిస్టోన్ ప్రోటీనులను చుట్టుకొని, తన జన్యువులను పలికింప నారంభించును. వలయమునకు ఇరుదిశలనుండియు వెలువడు ఆర్ఎన్ఏలు ఎక్కడనో యొకచో పరస్పరము జతపడును. ఆ జంట ఆర్ఎన్ఏయే మొక్కకు అపాయసూచన. డైసర్ అను ఎంజైములు దానిని 21, 22, 24 అక్షరముల తునుకలుగా ఖండింపగా, ఆర్గొనాట్ అను ప్రోటీను ఒక్కొక్క తునుకను చేతబూని, పట్టుబడిన దొంగ వేలిముద్రతో ముఠా నంతటిని వెదకు పోలీసువలె, దానికి సరిపడు వైరసు వ్రాత నంతటిని గాలించును. 21, 22 అక్షరముల తునుకలు వైరసు ఆర్ఎన్ఏను నరికించును. 24 అక్షరములవి ఇంకను లోతునకు పోయి, డీఎన్ఏపైననే మిథైలు అను రసాయనముద్రలు వేయించి, ఆ జన్యువులు పలుకకుండ నోరు మూయించును. ఆర్ఎన్ఏ వైరసుపై సాధ్యముకాని యీ రెండవ దెబ్బయే డీఎన్ఏ వైరసులతోడి యుద్ధమునకు ప్రత్యేకత.

దీనికి దృఢమైన సాక్ష్యమును 2008లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయమునందలి బిసారో బృందము చూపినది. మిథైలు ముద్ర వేయు శక్తి లోపించిన అరాబిడాప్సిస్ అను ప్రయోగశాల మొక్కలు జెమినివైరసులకు మిక్కిలి దారుణముగా లొంగిపోయెను. అంతకంటె ముచ్చటైన విషయమొకటి: బీటుదుంపకు ఆకుముడత తెచ్చు వైరసునుండి ఎల్2 అను ఒక్క ప్రోటీనును తొలగింపగా, మామూలు మొక్కలు జబ్బుపడి కోలుకొనెను, ఆర్గొనాట్-4 లేని మొక్కలు కోలుకొనలేదు. అనగా వైరసు కూడ ఊరకుండునది కాదు. ఎల్2 వంటి ప్రోటీనులు మిథైలు సరఫరాకు తోడ్పడు అడినోసిన్ కైనేజ్ అను ఎంజైమును స్తంభింపజేయును. ఉపగ్రహ డీఎన్ఏ పుట్టించు ప్రోటీను అదే మార్గమున మరియొక ఎంజైమును అడ్డగించును. వేలిముద్రను చెరుపలేని దొంగ సిరాబుడ్డిని దొంగిలించినాడన్నమాట.

ఈ మౌనాస్త్రమునే రైతు పక్షమున ప్రయోగించు యత్నములును జరిగినవి. 2003లో బేసెల్, మదురై శాస్త్రజ్ఞులు కలిసి, పల్లాకు తెగులు సోకిన మినుము మొక్కలలోనికి వైరసు డీఎన్ఏకు సరిపడు జంట ఆర్ఎన్ఏను పుట్టించు డీఎన్ఏను ప్రవేశపెట్టగా, వానిలో పెక్కు కోలుకొనెను. ఇదే సూత్రముపై బ్రెజిలు ప్రభుత్వసంస్థ ఎంబ్రాపా, తెల్లదోమ తెచ్చు బంగారు మొజాయిక్ వైరసునకు లొంగని చిక్కుడు వంగడమును నిర్మింపగా, 2011లో దానికి ఆ దేశమున అనుమతి లభించినది. మన రైతు విత్తుకొనుటకు అనుమతి గల అట్టి మినుము నేటికిని లేదు. గుంటూరు చేరువనున్న లాం వంటి పరిశోధనస్థానములలో సంకరణముచే రూపొందిన తట్టుకొను వంగడములను ఎన్నుకొనుట, తెగులు తొలుత కనబడిన మొక్కలను పీకివేయుట, తెల్లదోమను అదుపులోనుంచుట, ఇవియే అతనికి నేడున్న ఉపాయములు.