రెండడుగుల పెట్టె: వీల్ దూడల చెర, విడుదల

వెడల్పు సుమారు రెండడుగులు, పొడవు అయిదడుగులు. పక్కలకు చెక్క పలకలు, కింద సందులు వదిలి బిగించిన చెక్క పట్టీలు, ముందు ఒక బకెట్టు. మెడకు పొట్టి పలుపో, గొలుసో. అందులో కట్టేసిన కోడెదూడ నిలబడగలదు, కష్టం మీద పడుకోగలదు, వెనక్కి మాత్రం తిరగలేదు. పుట్టిన కొద్ది రోజులకే ఆ పెట్టెలోకి వెళ్ళిన దూడ నాలుగైదు నెలల తర్వాత కబేళాకు వెళ్ళేటప్పుడే బయటికొచ్చేది. లేగదూడ మాంసాన్ని పాశ్చాత్యులు వీల్ అంటారు. ఆ మాంసం కోసం పుట్టిన ఈ వీల్ క్రేట్‌లో ఇరవయ్యో శతాబ్దం ద్వితీయార్ధంలో ఐరోపా, అమెరికాల్లో లక్షలాది దూడలు పెరిగాయి.

ఈ పెట్టె వెనక ఉన్నది పాడి లెక్క. ఆవు ఈనితేనే పాలు. ఈనిన దూడల్లో దాదాపు సగం మగవి. పాలకోసమే ఎంపిక చేసిన జాతుల కోడెదూడ పాలివ్వదు, మాంసపు జాతుల్లాగా త్వరగా ఒళ్ళూ చేయదు. అందుకే పాడిరైతు దాన్ని చిన్నప్పుడే అమ్మేసేవాడు. పాలు తప్ప మరేమీ ఎరగని దూడ మాంసం తెల్లగా, మెత్తగా ఉంటుందని ఫ్రాన్స్, ఇటలీల్లో దానికి ఎప్పటినుంచో గిరాకీ. ఆ తెల్లదనం కోసం పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో కోతకు ముందు దూడల నుంచి పలుమార్లు నెత్తురు తీసేవారు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ చిన్న వ్యాపారం పరిశ్రమగా మారింది. ఐరోపాలో, ముఖ్యంగా నెదర్లాండ్స్‌లో పాడి విపరీతంగా పెరిగింది. వెన్న తీయగా మిగిలిన పాలపొడి గుట్టలు పడింది. ఆ పొడికి చవక కొవ్వు కలిపి, నీళ్ళలో కరిగించి దూడకు పడితే తల్లి పాల అవసరం లేకుండానే బరువు పెరుగుతుంది. పుట్టినప్పుడు 40 కిలోలున్న దూడ నాలుగైదు నెలలకు 150 కిలోలు దాటేది. అక్కర్లేని దూడ, అమ్ముడుపోని పొడి కలిసి ఖరీదైన మాంసమయ్యాయి.

అయితే అంత వయసు దాకా మాంసం తెల్లగా ఉండాలంటే దూడ ఒంట్లో ఇనుము పెరగకూడదు. పాలలో ఇనుము తక్కువ, గడ్డిలో ఎక్కువ. కాబట్టి గడ్డి పరక అందనివ్వలేదు. పరిస్తే నములుతుందని పడకకు కూడా ఎండుగడ్డి వేయలేదు. నాకుతుందని ఇనుప కమ్మీలకు బదులు చెక్క వాడారు. కదలకుండా ఉండాలని చాలాచోట్ల కొట్టాన్ని చీకటిగా ఉంచారు. రెండు మూడు వారాలు దాటిన దూడ గడ్డి కొరకడం మొదలుపెడుతుంది, నెమరు పొట్ట ఎదిగేది దానివల్లే. పెట్టెలో దూడకు ఆ పొట్ట సరిగ్గా ఎదగలేదు. నమలడానికి ఏమీ లేక గాలిలో నాలుక తిప్పుకునేది, చెక్కను కొరికేది, తన బొచ్చునే నాకేది. మింగిన వెంట్రుకలు పొట్టలో ఉండలు కట్టేవి. పైగా రక్తహీనత. జబ్బు ముదిరి చచ్చిపోకుండా, మాంసానికి రంగు రాకుండా ఇనుమును ఆ మధ్యన నిలపడమే వీల్ పెంపకంలో నేర్పు అనిపించుకుంది.

ఇది బయటి జనానికి చాలాకాలం తెలియలేదు. 1960ల మొదట్లో ఇంగ్లండులో రూత్ హారిసన్ అనే గృహిణి ఇంటికి ఒక కరపత్రం వచ్చింది, అందులో వీల్ దూడల సంగతి ఉంది. ఆమె కొట్టాలు తిరిగి, చూసింది రాసి, 1964లో ‘యానిమల్ మెషీన్స్’ పుస్తకం తెచ్చింది. ముందుమాట రాసింది ‘సైలెంట్ స్ప్రింగ్’ రచయిత్రి రేచెల్ కార్సన్. దేశమంతా దుమారం లేవడంతో బ్రిటిష్ ప్రభుత్వం జంతుశాస్త్రవేత్త రోజర్స్ బ్రాంబెల్ అధ్యక్షతన కమిటీ వేసింది. 1965లో వచ్చిన నివేదిక ఒక కనీస హద్దు గీసింది. పశువు లేవడానికి, పడుకోవడానికి, వెనక్కి తిరగడానికి, ఒళ్ళు నాక్కోవడానికి, కాళ్ళు చాపుకోవడానికి చోటుండాలని చెప్పింది. ప్రపంచమంతా నేడు చెప్పుకునే పశు సంక్షేమపు ‘అయిదు స్వేచ్ఛలు’ అక్కడినుంచి పెరిగినవే.

నివేదిక వచ్చినా పెట్టెలు పోలేదు. హాంప్‌షైర్ పాడిరైతు పీటర్ రాబర్ట్స్ 1967లో ‘కంపాషన్ ఇన్ వరల్డ్ ఫార్మింగ్’ సంస్థను ప్రారంభించాడు. 1984లో ఆ సంస్థ ససెక్స్‌లోని స్టోరింగ్టన్ మఠం మీద కేసు వేసింది. అక్కడి సన్యాసులే దూడలను పెట్టెల్లో పెంచుతున్నారు. కేసు ఓడిపోయింది, కానీ పత్రికల ద్వారా పెట్టె బొమ్మ ఇంటింటికీ చేరింది. 1987లో నిబంధనలు వచ్చాయి, 1990 జనవరి 1 నుంచి బ్రిటన్‌లో ఆ పెట్టె నిషిద్ధమైంది.

చిక్కు అక్కడితో తీరలేదు. బ్రిటన్‌లో పెట్టలేని దూడలను ఓడలెక్కించి నెదర్లాండ్స్, ఫ్రాన్స్‌లలో అదే పెట్టెల్లో పెట్టారు. 1995లో షోరమ్, బ్రైట్‌లింగ్‌సీ రేవుల దగ్గర మామూలు జనం, ముసలివాళ్ళతో సహా, లారీలకు అడ్డం నిలబడ్డారు. ఆ ఫిబ్రవరి 1న కోవెంట్రీ విమానాశ్రయం దగ్గర దూడల లారీ కింద పడి జిల్ ఫిప్స్ అనే యువతి చనిపోయింది. ఒక్క దేశం నిషేధిస్తే చాలదని ఆ ఏడాది అందరికీ అర్థమైంది.

1997లో ఐరోపా సంఘం చట్టాన్ని సవరించింది. 1998 నుంచి కొత్త పెట్టెలు కట్టకూడదు, 2006 డిసెంబరు 31 తర్వాత పాతవీ ఉండకూడదు. ఎనిమిది వారాలు దాటిన దూడను సాటి దూడలతో కలిపి ఉంచాలి. అంతకంటే చిన్నదాన్ని విడిగా ఉంచితే, మూపు దగ్గర అది ఎంత ఎత్తుంటే గది కనీసం అంత వెడల్పుండాలి, పక్క దూడ కనబడేలా, తగిలేలా గోడకు సందులుండాలి. పుట్టిన ఆరు గంటల్లోపు జున్నుపాలు పట్టాలి. రెండు వారాలు దాటితే రోజూ పీచు మేత పెట్టాలి, అది 50 గ్రాములతో మొదలై 20 వారాలకు 250 గ్రాములవ్వాలి. నెత్తుటిలో హిమోగ్లోబిన్ సగటు లీటరుకు 4.5 మిల్లీమోల్‌కు తగ్గకూడదు. అంతకుముందు పెట్టె కొలతకు దూడను ఇరికించారు, ఈ చట్టంతో దూడ కొలతకు గది కట్టాల్సి వచ్చింది. అమెరికాలో అరిజోనా ఓటర్లు 2006లో పెట్టెను వద్దన్నారు. అక్కడి వీల్ ఉత్పత్తిదారుల సంఘం 2017 చివరికల్లా వదిలేస్తామని 2007లో తీర్మానించింది.

ఐరోపాలోనూ పని పూర్తి కాలేదు. పాడి క్షేత్రాల్లో దూడను పుట్టిన గంటల్లోనే తల్లి నుంచి విడదీయడం మామూలే. పాలు మరవని దూడలు ఐర్లండు నుంచి ఇప్పటికీ ఓడల్లో వెళుతున్నాయి. బోనులన్నీ పోవాలని దాదాపు 14 లక్షల మంది సంతకాలు చేస్తే, 2023లోగా చట్టం ప్రతిపాదిస్తామని 2021లో ఐరోపా కమిషన్ మాటిచ్చింది. ఆ గడువు దాటిపోయింది.

వీల్ పెట్టె మన ఊళ్ళకు రాలేదు. దాన్ని పుట్టించిన లెక్క మాత్రం మన డెయిరీల్లోనూ ఉంది. ముర్రా గేదెకు దున్నదూడ పుడితే, సంకర ఆవుకు కోడెదూడ పుడితే దాని మీద పెట్టే ప్రతి లీటరు పాలూ నష్టంగా కనిపిస్తుంది. చేపు కోసం రెండు గుక్కలు తాగనిచ్చి లాగేసిన దూడ కొద్ది వారాలకే ఎముకల గూడై చనిపోవడం పాడి ఊళ్ళవాళ్ళకు కొత్త సంగతి కాదు. ఐరోపాలో మార్పు తెచ్చింది ఉత్త జాలి కాదు, జాలిని గంటల్లో, గ్రాముల్లో, అంగుళాల్లో రాసిన నియమం. మన పాల సంఘాలు, డెయిరీలు కూడా రైతుకిచ్చే కార్డు మీద పాల ధరతో పాటు ఇవీ రాయాలి: ఆడదైనా మగదైనా దూడకు గంట రెండు గంటల్లో జున్నుపాలు, మొదటి నెల రోజుకు బరువులో పదో వంతు పాలు, రెండో వారం నుంచి లేత గడ్డి. ఆ పాల ఖర్చు లీటరు ధరలో కలపాలి. దూడ వల్ల వచ్చిన పాలు కొనుక్కునే మనం దాని తిండికయ్యే ఖర్చులో మన వాటా ఇవ్వడం న్యాయం.